అటక మీద పోపు వాసన

కిందటి వారం సాహితి వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టింది. సాహితి మాకు చుట్టమేమీ కాదు. ఎమ్మెస్ చదివే రోజుల్లో ఇక్కడ అమెరికాలో, మంచంటే తెలియని అల్ఫారెట్టాలో, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండేది. తర్వాత ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, మొగుడు కార్తీక్‌తో కలిసి రోచెస్టర్ దగ్గర ఇల్లు కొనుక్కుంది. అంత మంచు పడే చోట వాళ్ళకిది మొదటి చలికాలం. ఫోటోలో వాళ్ళ గరాజ్ చూరు నుంచి మనిషెత్తు మంచు ఊచలు వరసగా వేలాడుతున్నాయి. వాటి కింద ఎర్ర జాకెట్ తొడుక్కుని వాళ్ళ చిన్నపిల్ల నవ్వుతూ నిలబడింది. 'మా ఐస్ ప్యాలెస్ ఎలా ఉంది?' అని కింద రాసింది. అప్పటికే గ్రూపులో అందరూ గుండె బొమ్మలు పెట్టేశారు. నేను పెట్టలేదు. వెంటనే ఫోన్ చేసి, ముందు పిల్లని అక్కణ్ణించి తీసెయ్యమన్నాను. "అది మార్నింగ్ తీసిన ఫోటో ఆంటీ, ఇప్పుడు లోపలే ఆడుకుంటోంది, ఏమైంది?" అంది. ఇంకెప్పుడూ దాని కిందకి పోనివ్వకు, నువ్వూ పోకు, సంగతి మళ్ళీ చెప్తానని పెట్టేశాను. చెప్పాలంటే అమ్మ గురించి చెప్పాలి. అమ్మ గురించి అంత తొందరగా ఎవరికీ చెప్పలేను. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక ఆ రాత్రే ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

నాకు ఊహ బాగా తెలిసింది బఫలోకి దిగువన, సరస్సు గాలి తిన్నగా వచ్చి కొట్టే ఒక చిన్న ఊళ్ళో. నాన్న అక్కడ ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళం మేమే. ఇళ్ళు ఇరుకిరుగ్గా, ఒకదాని గోడ ఇంకొకదాని కిటికీని చూస్తూ ఉండేవి. నాన్నది తెనాలి. మంచి మనిషే, కానీ ఆయనకి ప్రపంచంలో ఒకే ఒక్క భయం ఉండేది, ఒకరి చేత మాట పడటం. ఫ్యాక్టరీలో కొలిమి ముందు గంటలు గంటలు నిలబడటానికి జంకని మనిషి, పక్కింటి వాళ్ళు మన గురించి ఏమనుకుంటారోనన్న ఆలోచనకి మాత్రం చెమటలు కక్కేవాడు. మేం ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడుకునే వాళ్ళం కాదు. అమ్మ చీరలు పెరట్లో ఆరేస్తే ఊరుకునేవాడు కాదు, బాత్రూంలోనే ఆరాలి. దీపావళికి ఒక్క కాకరపువ్వొత్తి కూడా బయట వెలిగించనిచ్చేవాడు కాదు. మనం ఇక్కడ ఉన్నామని ఎవరికీ తెలియకుండా ఉంటే అదే మర్యాదగా బతకడం అని ఆయన లెక్క. నాకు ఈ వయసులో కూడా ఆ లెక్క తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అన్నిటికంటే పెద్ద యుద్ధం వాసనతో. మా చలికోట్లు ఇంట్లో ఉండేవి కావు. వంటింటి గాలి తగలకుండా కారు డిక్కీలో మడతపెట్టి ఉండేవి. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు నాన్న వాటిని తెచ్చి తొడిగితే, చలికి బిగుసుకుపోయిన ఆ కోటు ఒంటికి తగలగానే ఏడుపొచ్చేది. అమ్మ మాత్రం వంట దగ్గర తగ్గేది కాదు. తెల్లారకముందే లేచి, తల దువ్వుకుని, అన్నం పడేసి, చారు పొయ్యి మీద పెట్టేది. ఆవాలు చిటపటమనే చప్పుడుకే నేను నిద్ర లేచేదాన్ని. ఇంగువ డబ్బా మూత తియ్యగానే ఆ వాసన నా పక్క దాకా వచ్చేది. వేడి నూనెలో ఎండుమిరపకాయ పడితే నాన్న బాత్రూంలోంచే దగ్గుతూ, "ఫ్యాన్ వేశావా, సుశీలా?" అని అడిగేవాడు. పొయ్యి పైన ఉండే ఆ ఫ్యాన్ పొగని గొట్టంలోకి లాగి, ఇంటి పక్క గోడకి చూరు కిందున్న రంధ్రంలోంచి బయటికి వదిలేది. ఆ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా మిసెస్ హాల్ వాళ్ళ వంటింటి కిటికీ ఉండేది.

మిసెస్ హాల్ మొగుడు పోయిన పెద్దావిడ. పొడుగ్గా, గంభీరంగా ఉండేది. ఆకులు రాలే రోజుల్లో ఒక సాయంత్రం నాన్న కారు దిగుతుంటే ఆవిడ కంచె దగ్గరికి వచ్చి, పొద్దున్నే మీరు ఏదో వండుతారు, ఆ వాసన నా కర్టెన్లకి పట్టేసి ఉతికినా పోవడం లేదు అంది. కోపంగా అనలేదు. వాన పడేలా ఉంది అన్నట్టు మామూలుగా అంది. నేను కారు వెనక సీట్లోనే ఉన్నాను, విన్నాను. నాన్నకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కూర్చుండిపోయాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "వంటన్నాక వాసన రాదుటండీ? ఆవిడ మాంసం కాల్చినప్పుడు మనకి రావట్లా?" అంది. "నీకేం, ఇంట్లో ఉంటావు. మాట పడేది నేను" అన్నాడు నాన్న. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు.

ఆ శనివారం నాన్న అటక ఎక్కాడు. ఇక్కడి వాళ్ళు ఆటిక్ అనే చోటుని మా ఇంట్లో అటక అనే అనేవాళ్ళం. వంటింటి గొట్టం ఆ అటకలోంచే గోడదాకా వెళ్ళేది. నాన్న గొట్టాన్ని గోడ రంధ్రం నుంచి ఊడదీసి, రంధ్రానికి బయట చెక్క ముక్క కొట్టి, దాని మీద గోడ రంగే వేశాడు. గొట్టం మూతి అటకలోనే తెరుచుకుని ఉంది. కిందకి దిగి, చేతులు దులుపుకుని, "ఇక మన వాసన మన ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. ఆ ముఖంలో ఎంత నిశ్చింతో. మిసెస్ హాల్ కిటికీకి ఇక ఏమీ తగల్లేదు. నాన్న మళ్ళీ ఆవిడకి నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పడం మొదలుపెట్టాడు.

చలికాలం వచ్చింది. మేం మూడు పూటలా వండుకున్న వేడీ ఆవిరీ అంతా అటకలోకి పోతుంటే, అటక వెచ్చగా తయారైంది. అమ్మ ఒకసారి నిచ్చెనెక్కి తల పెట్టి చూసి సంబరపడిపోయింది. పాత చీర పరిచి దాని మీద గుమ్మడి వడియాలు పెట్టింది. నేను కూడా ఎక్కి కూర్చునేదాన్ని. చలి ఆగడానికి అక్కడ పరిచిన గులాబీ రంగు దూది పరుపుల మధ్య, ఇంగువా మెంతుల వాసనలో, మా అమ్మమ్మ గారింట్లో ఉన్నట్టు ఉండేది. వడియాలు ఎండలేదు సరికదా బూజు పట్టాయి. పిండిలో నీళ్ళెక్కువయ్యాయనుకుంది అమ్మ. బయట వీధిలో అందరి కప్పుల మీదా మంచు తెల్లగా, మందంగా ఉంటే, మా కప్పు మీద వంటింటికి పైన మాత్రం మంచు కరిగి నల్లగా కనబడేది. నాన్న దాన్ని చూపించి, "మన ఇల్లు ఎంత వెచ్చగా ఉందో చూడు" అని పొంగిపోయాడు. అలా కరిగిన నీరే చూరు దగ్గరికి వచ్చి గడ్డకట్టి ఊచలు ఊచలుగా వేలాడింది. అమ్మనీ నన్నూ వాటి కింద నిలబెట్టి ఫోటో తీసి తెనాలి పంపించాడు. అమ్మ పట్టుచీర మీద కోటు వేసుకుని, ఒక ఊచని చేత్తో పట్టుకుని ఉంటుంది. కుడిచేత్తో. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. సాహితి పంపిన ఫోటో చూడగానే నాకు కనబడింది అదే.

ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో ఒక వీడియో చూసి తెలుసుకోగలిగిన సంగతి అప్పుడు మాకు చెప్పేవాళ్ళు లేరు. ఉన్నా మేం అడిగేవాళ్ళం కాదు, అడిగితే పరువు పోతుంది కదా. అటక వేడెక్కితే కప్పు మీది మంచు అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీరు కిందకి జారి, వేడి తగలని చూరు దగ్గరికి రాగానే మళ్ళీ గడ్డకట్టి కట్టలా నిలబడుతుంది. దాన్నే ఐస్ డ్యామ్ అంటారు. తర్వాత కరిగిన నీటికి దారి ఉండదు. అది వెనక్కి ఎక్కి, కప్పు మీది షింగిల్ పలకల కింద దూరి, ఇంట్లోకి దిగుతుంది. అటక చల్లగా ఉంటేనే ఇల్లు క్షేమం. ఇంట్లో వేడి అటకలోకి పోకుండా సందులన్నీ మూసి, అటకలోకి బయటి చల్లగాలి ఆడనివ్వాలి. మంచు పడిన వెంటనే నేల మీదే నిలబడి పొడుగాటి కర్రకి తగిలించిన పారతో చూరు మీది మంచు లాగెయ్యాలి. మిసెస్ హాల్ కొడుకు వచ్చినప్పుడల్లా చేసే పని అదే. మేం కిటికీలోంచి చూసి, కప్పుకి కూడా తల దువ్వుతున్నాడే అని నవ్వుకునేవాళ్ళం.

ముందు వంటింటి పక్కనున్న అమ్మా నాన్నల పడకగదిలో పైకప్పు మూల టీ మరకలా పసుపెక్కింది. తర్వాత ఉబ్బింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ మంచం మధ్యలోకి జరిపి, మూలలో అన్నం వండే పెద్ద గిన్నె పెట్టింది. నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. గోడ ముట్టుకుంటే చెమ్మ. దేవుడి పటాలు తీసి బల్ల మీద పెట్టింది. నాన్న ఎవర్నీ పిలవనన్నాడు. పిలిస్తే అటక చూస్తారు, గొట్టం చూస్తారు, ఎందుకిలా చేశావని అడుగుతారు. అటకెక్కే చిన్న నిచ్చెన బయట వేసుకుని గడ్డ మీద ఉప్పు చల్లాడు. ఉప్పుకి పైన కాస్త గుంటలు పడ్డాయి, గడ్డ కదల్లేదు. కాగబెట్టిన నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు కూడా గడ్డలో కలిసిపోయాయి. ఆఖరికి పక్క వీధిలో ఎవరి దగ్గరో పెద్ద నిచ్చెన అడిగి తెచ్చుకున్నాడు, కట్టెలు కొట్టే చిన్న గొడ్డలి కొన్నాడు.

ఆదివారం పొద్దున. ఎండ కాస్తోంది గానీ వేడి లేదు. నాకు జలుబుగా ఉందని బయటికి రానివ్వలేదు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ మీద మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. నాన్న నిచ్చెన మీద, అమ్మ కింద నిచ్చెన పట్టుకుని. చీర కుచ్చిళ్ళు బూట్లలోకి దోపుకుంది. నాన్న గొడ్డలితో కొట్టిన ప్రతిసారీ మంచు పొడి అమ్మ తల మీద పడుతోంది. ఆవిడ కళ్ళు మూసుకుని తెరుస్తోంది. అప్పుడు ఎదుటి కిటికీలో మిసెస్ హాల్ కనబడింది. అద్దం మీద అరచేత్తో దబదబా కొడుతోంది. రెండు చేతులూ ఊపుతోంది. కిటికీ తెరవబోతే తెరుచుకోలేదు, గడ్డకట్టి బిగుసుకుపోయింది. ఏదో అరుస్తోంది, అద్దం వెనక మాట వినబడలేదు.

నాన్న తల తిప్పి చూశాడు. చూసి, మళ్ళీ గడ్డ వైపు తిరిగాడు. నాన్న గొంతు నాకు కిటికీలోంచి కూడా వినబడింది. "మళ్ళీ మొదలెట్టింది. ఇవాళ ఇంకా పొయ్యైనా వెలిగించలేదు, ఏం వాసనొచ్చిందట ఆవిడకి? నువ్వటు చూడకు, సుశీలా. పట్టించుకోకు." అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

నాన్న కొట్టిన చోట కాదు విరిగింది. అమ్మ నెత్తిమీద ఉన్న గడ్డంతా చూరు వెంట వాననీటికి కట్టిన రేకు గట్టర్‌ని లాక్కుంటూ మెల్లగా ఊడివస్తోంది. నిచ్చెన మీదున్న నాన్నకి అది కనబడదు. గోడకి ఆనుకుని ఉన్న అమ్మకీ కనబడదు. ఎదురింటి కిటికీలోంచి మాత్రమే కనబడుతుంది. మిసెస్ హాల్ ఇంట్లో వేసుకునే గౌనుతోనే పరిగెత్తుకొచ్చింది. కంచె దగ్గరికి వచ్చిందో లేదో, గట్టర్‌తో సహా గడ్డ మొత్తం కిందపడింది. చప్పుడుకి మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. నాన్న నిచ్చెన అలాగే నిలబడి ఉంది. నాన్న దాని మీద గొడ్డలి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అమ్మ కనబడలేదు.

గడ్డలు తీసింది మిసెస్ హాల్. అంబులెన్స్‌కి ఫోన్ చేసిందీ ఆవిడే. దుప్పటి తెచ్చి కప్పిందీ ఆవిడే. నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి బల్ల దగ్గర కూర్చోబెట్టి పాలు ఇచ్చింది. నేను తాగలేదు. ఆవిడ చేతులు రక్తం ఓడుతున్నాయి. కడుక్కోవడం మర్చిపోయి, నా ఎదుట కూర్చుని, నేను చెప్తూనే ఉన్నాను, చెప్తూనే ఉన్నాను అని తనలో తను అనుకుంటోంది. ఆ వంటింటి కర్టెన్లు తెల్లగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ బతికింది. మెడ దగ్గర నరాలు తెగిపోయి కుడిచెయ్యి భుజం నుంచి వేలాడిపోయింది. మళ్ళీ ఎప్పటికీ లేవలేదు. ఆసుపత్రిలో నాన్న మంచం పక్కన కూర్చుని, "నాకు కనబడలేదు, సుశీలా. ఆవిడ వాసన గురించే గొడవ చేస్తోందనుకున్నా" అన్నాడు. అమ్మ ఎడమచేత్తో దుప్పటి సర్దుకుంది. తర్వాత మామూలు గొంతుతో, "ఆవిడ మనల్ని తిట్టడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. మీరు చూడద్దన్నారని చూడలేదు" అంది. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ తర్వాత ఆ మాట ఆవిడ ఇంకెప్పుడూ ఎత్తలేదు. కానీ నాన్న ముఖంలోకి ఆ రోజు వచ్చిందేదో ఆయన పోయేదాకా అక్కడే ఉంది.

ఇంటికి రాగానే నాన్న అటకెక్కి గొట్టం మళ్ళీ గోడకి తగిలించాడు. చెక్క ఊడగొట్టాడు. అప్పటిదాకా గరిటె పట్టి ఎరగని మనిషి వంట మొదలుపెట్టాడు. అమ్మ కుర్చీలో కూర్చుని, ఇప్పుడు ఆవాలు, ఇప్పుడు ఇంగువ, పొయ్యి తగ్గించండి అని చెప్పేది. ఆయన రోజూ పోపు మాడ్చేవాడు. ఆ పొగంతా తిన్నగా మిసెస్ హాల్ కిటికీకే వెళ్ళేది. ఆవిడ మళ్ళీ దాని గురించి ఒక్క మాట అనలేదు. అలాగని ఆ వాసన ఆవిడకి నచ్చిందనీ కాదు, చివరిదాకా నచ్చలేదు. మేం వండే వేళకి కిటికీ మూసుకునేది. అమ్మని వ్యాయామానికి ఆసుపత్రికి కార్లో తీసుకెళ్ళేది కూడా ఆవిడే. వాసన నచ్చకపోవడం వేరు, మనిషి మేలు కోరడం వేరు అని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టడానికి అమ్మ చెయ్యి కావలసివచ్చింది. అమ్మ నాకు జడ వెయ్యలేకపోయింది, నాన్నకి రాలేదు, ఒకరోజు కత్తెరతో నా జుట్టు మెడదాకా కత్తిరించేశాడు. అద్దంలో చూసుకుని నేను ఏడవలేదు. అమ్మ ఏడ్చింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇప్పటి పిల్లలకి ఆ పిరికితనం లేదనుకుంటూ ఉంటాను. వీధుల్లో బతుకమ్మలాడతారు, కార్లలో పాటలు పెట్టుకుని అద్దాలు దించుతారు, ఆఫీసు మెయిల్‌లో పండక్కి సెలవు కావాలని ధైర్యంగా రాస్తారు. కానీ మా కాలనీలో ఏ తెలుగువాళ్ళ ఇంటికి వెళ్ళినా తలుపు తెరిచేముందు అగరొత్తో కొవ్వొత్తో వెలిగించో, స్ప్రే కొట్టో ఉంచుతారు. నా కోట్లూ నేటికీ పైగదిలో, తలుపేసిన అల్మరాలోనే ఉంటాయి. ఎవరు నేర్పారని అడిగితే చెప్పలేను.

ఇక్కడిదాకా రాశాక, నిన్న మధ్యాహ్నం సాహితికి ఫోన్ చేశాను. ముందు అడగవలసింది అడిగాను, మీ వంటింటి ఫ్యాన్ గొట్టం ఎక్కడికి పోతుందని.

"ఆ ఫ్యాన్ అసలు వాడమే ఆంటీ. గరాజ్‌లో ఇంకో ఎలక్ట్రిక్ స్టవ్ సెట్ చేసుకున్నాం. పోపులు, ఫ్రైలు, చేపలు అన్నీ అక్కడే. ఇంట్లో చేస్తే జాకెట్లకి స్మెల్ పట్టేస్తుంది కదా."

"గరాజ్ తలుపు తీసే ఉంచుతారా?"

"లేదాంటీ, క్లోజ్ చేసే వండుతాను. సమ్మర్‌లో ఓపెన్ చేస్తే, ఎవరో కమ్యూనిటీ గ్రూప్‌లో స్మెల్ గురించి పోస్ట్ పెట్టారు. పేరు రాయలేదు గానీ మా గురించే. కార్తీక్ చాలా ఫీలయ్యాడు."

ఊచలు గరాజ్ చూరుకే ఎందుకు వేలాడుతున్నాయో అప్పుడు అర్థమైంది. నేను అమ్మ గురించి మొత్తం చెప్పాను. గొట్టం, చెక్క ముక్క, గొడ్డలి, కిటికీ, ఏదీ దాచలేదు. చివర్న, వింటున్నావా అని అడిగాను.

"ఉన్నానాంటీ" అంది. "కార్తీక్ ఈ శనివారం లాడర్ రెంట్ చేస్తానన్నాడు. కింద నన్ను పట్టుకోమన్నాడు."

నిచ్చెన మాటే ఎత్తద్దన్నాను. ఆవిరితో గడ్డ కరిగించేవాళ్ళు ఉంటారు, వాళ్ళని పిలిపించు, వాళ్ళు వచ్చేదాకా ఆ చూరు కిందకి ఎవరూ పోవద్దు, కొత్త మంచు పడితే దూరంగా నేల మీద నిలబడి లాగెయ్యండి అన్నాను. అన్నీ రాసుకుంటున్నట్టుంది.

"మరి వంటెక్కడ చెయ్యను ఆంటీ?"

"నీ వంటింట్లో. ఫ్యాన్ వేసుకుని, దాని గొట్టం తిన్నగా బయటికి పెట్టించుకుని."

"పక్కవాళ్ళకి వాసన వస్తుందాంటీ."

"రానీ" అన్నాను.